బోటెక్కడం రక్షణా, కాపుదలా?

పోయిన నెల మా ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టుకున్నాం. మాది బెజవాడ సింగ్ నగర్. దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల టైంలో అమ్మ లేచి 2024 సెప్టెంబర్ 1 సంగతి మొదలుపెట్టింది, ఆదివారం పొద్దున గుడికెళ్దామని లేచేసరికి బుడమేరు వాగు నీళ్ళు మెట్ల దాకా వచ్చేశాయి, చూస్తుండగానే కింద వాటా మొత్తం మునిగిపోయింది, పై వాటాలో కరెంటు లేక, తాగడానికి నీళ్ళు లేక మూడు రాత్రులు గడిపి నాలుగో రోజు బోటొస్తే ఎక్కాం అని అంతా చెప్పి, చివర్లో "అట్లా ఆ దేవుడు మమ్మల్ని రక్షించాడు" అని కూర్చుంది. అందరూ స్తోత్రం అన్నారు. కొత్తగా వచ్చిన బ్రదర్ ఒకాయన మాత్రం నవ్వుతూనే "అది రక్షణ కాదమ్మా, కాపుదల. రక్షణ వేరు. ఇంతకీ మీరు ఏ సంవత్సరంలో రక్షింపబడ్డారు?" అన్నారు. ఆయన లెక్కలో రక్షణంటే పాపాలు ఒప్పుకుని యేసుని నమ్ముకున్న ఆ ఒక్క రోజు.

అమ్మ దగ్గర దానికి సమాధానం లేదు. మాది గుంటూరు లూథరన్ కుటుంబం, 1842లో మిషనరీ హయ్యర్ దొరగారు గుంటూరులో దిగినప్పటి నుంచి మొదలైన సంఘం. మాలో పసిపిల్లలప్పుడే బాప్తిస్మం ఇచ్చేస్తారు, మరి డేట్ చెప్పమంటే ఆవిడ ఏం చెప్తుంది? ఏమీ అనకుండా వంటింట్లోకెళ్ళి టీ పెట్టింది. గొడవేం జరగలేదు, బ్రదర్ గారు మంచాయనే, కానీ ఆ మాట నాకు నాలుగు రోజులు గుచ్చుకుంటూనే ఉంది. సరే అసలు బైబిల్లో రక్షణ అన్న మాట ఎక్కడెక్కడ ఏ అర్థంలో వచ్చిందో చూద్దామని కూర్చున్నా, రాత్రిళ్ళు ఒంటిగంట దాకా లాగింది.

మొదటి దెబ్బ నిర్గమకాండం 14లోనే తగిలింది. ఐగుప్తు బానిసత్వం నుంచి బయల్దేరిన ఇశ్రాయేలీయులకి ముందు సముద్రం, వెనక ఫరో రథాలు. అప్పుడు మోషే ఏమన్నాడు? "యెహోవా మీకు నేడు కలుగజేయు రక్షణను మీరు ఊరక నిలుచుండి చూడుడి." పాత నిబంధన మూలభాష హీబ్రూలో అక్కడున్న మాట యెషూవా. దాంట్లో పాపం ప్రస్తావన లేదు, పరలోకం ప్రస్తావన లేదు, ప్రాణాలతో అవతలి ఒడ్డుకి చేరడమే రక్షణ. అదీ ఒక్కళ్ళకి కాదు, ముసలీ ముతకా, పిల్లా జెల్లా, మందలతో సహా. ఇది చదవగానే నాకు మా వీధి చివర బోటు కోసం చేతులూపిన జనం గుర్తొచ్చారు, ఏం చేయను.

ఇంకా రాజులు లేని న్యాయాధిపతుల కాలానికొస్తే రక్షకుడంటే ఒత్నీయేలు లాంటి మనిషి. శత్రువుల చేతిలో నలిగిపోతున్న జనం మొర్రపెడితే దేవుడు ఎవరో ఒకర్ని లేపుతాడు, ఆయన యుద్ధం చేసి విడిపిస్తాడు, కొన్నేళ్ళు నెమ్మది, మళ్ళీ కథ మొదలు. కీర్తనల్లో అయితే రోగం, శత్రువులు, అబద్ధ సాక్ష్యం, అన్నీ రక్షణ అడగాల్సిన విషయాలే. 69వ కీర్తన మొదటి మాట చూడండి, "దేవా, జలములు నా ప్రాణముమీద పొర్లుచున్నవి నన్ను రక్షింపుము." అక్కడ నీళ్ళు కష్టాలకి పోలికే, ఒప్పుకుంటా, కానీ ఆ కీర్తన రాసినాయనకి ఆ పోలిక ఎందుకు దొరికిందో సింగ్ నగర్ వాళ్ళకి ఎవరూ వివరించక్కర్లేదు.

ఇంకో సంగతి. ఆ రోజుల్లో చనిపోయాక ఏమవుతుందన్న దాని మీద వాళ్ళకి ఇప్పట్లాగా స్పష్టమైన ఆశ కనిపించదు. 6వ కీర్తనలో "మరణమైనవారికి నిన్నుగూర్చిన జ్ఞాపకము లేదు" అని దేవుడితోనే వాదన, నేను పాతాళానికి పోతే నిన్ను ఎవరు స్తుతిస్తారు అని. అంటే రక్షించేదేదో ఇక్కడే, ఇప్పుడే రక్షించు అని. మన చావు కూడికల్లో చదివే వాక్యాల పక్కన పెట్టి చూస్తే ఎంత తేడానో.

మరి అది ఎక్కడ మారింది? నాకర్థమైనంత వరకు ఒక్కసారిగా మారలేదు. క్రీ.పూ. 586లో బబులోను వాళ్ళు యెరూషలేముని తగలబెట్టి జనాన్ని చెరపట్టుకుపోయారు. ఆ తర్వాత రక్షణంటే ఇంటికి తిరిగి రావడం. క్రీ.పూ. 539లో బబులోనుని గెలిచి వీళ్ళని వెనక్కి పంపిన పారసీక రాజు కోరెషుని యెషయా 45 ఏమంటుందో తెలుసా, యెహోవా అభిషేకించినవాడు అని. మెస్సీయ అన్న మాటే అది! యెహోవాని ఎరగని రాజుకి! బ్రదర్ గారి లెక్కలో ఆయన్ని ఎక్కడ పెట్టాలో నాకు తెలీదు. అదే పుస్తకంలో 49కి వచ్చేసరికి ఆ రక్షణ భూదిగంతాల వరకు అన్యజనులకి కూడా అంటుంది. దానియేలు 12లో సమాధుల్లో నిద్రపోయేవాళ్ళు మేలుకుంటారన్న మాట వస్తుంది. అక్కడ్నుంచి రక్షణకి చావు కూడా అడ్డం కాకుండా పోయింది.

రోమా వాళ్ళ కాలంలో ఇంకో మెలిక. కొత్త నిబంధన రాసిన గ్రీకులో రక్షకుడిని సోటేర్ అంటారు, రాజులు తగిలించుకునే బిరుదు అది. ఇప్పటి టర్కీలోని ప్రియేనెలో క్రీ.పూ. 9 నాటి శాసనం దొరికింది, అందులో రోమా చక్రవర్తి ఔగుస్తు కైసరే రక్షకుడు. లూకా తన రెండో అధ్యాయం ఆ కైసరు ఆజ్ఞతో మొదలుపెట్టి, పదకొండో వచనంలోనే "నేడు రక్షకుడు మీ కొరకు పుట్టియున్నాడు" అని దేవదూతతో గొల్లలకి చెప్పిస్తాడు. మనం క్రిస్మస్ నాటకంలో పిల్లలకి తువ్వాళ్ళు చుట్టి చెప్పించే డైలాగ్ అప్పట్లో ఎంత డేంజరో. ఆ మాటకొస్తే మట్టల ఆదివారం అరిచే హోసన్న కూడా స్తుతి కేకగా మారక ముందు "ఇప్పుడు రక్షించు" అన్న మొరే.

నన్ను బాగా ఆపేసింది మాత్రం ఇది. మార్కు 5లో పన్నెండేళ్ళు రక్తస్రావంతో బాధపడ్డ ఆవిడతో యేసు "నీ విశ్వాసము నిన్ను స్వస్థపరచెను" అంటాడు. లూకా 7లో పాపాత్మురాలైన ఆవిడతో "నీ విశ్వాసము నిన్ను రక్షించెను" అంటాడు. తెలుగులో చదివితే రెండు వేరు వేరు సంగతులు, ఒకటి ఆసుపత్రి సంగతి ఒకటి ఆత్మ సంగతి. గ్రీకులో మాత్రం రెండు చోట్లా అదే వాక్యం, అక్షరం తేడా లేదు! స్వస్థతకీ పాపక్షమాపణకీ ఒకే క్రియ, సోజో. నీళ్ళలో మునిగిపోతూ పేతురు వేసిన "ప్రభువా, నన్ను రక్షించు" కేకలోనూ అదే. విడదీసింది మన అనువాదం, వాళ్ళనీ తప్పు పట్టలేం, తెలుగులో ఒళ్ళు బాగుపడితే రక్షింపబడింది అనం కదా. గుంటూరులో పెరిగిన వాళ్ళు 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ గారి పేరు వినే ఉంటారు, ఆవిడ పేరుతో ఉన్న ఆసుపత్రిలో మందూ ప్రార్థనా ఒకే చోట. సోజో అంటే అదేనేమో అనిపించింది.

అట్లాగని అపొస్తలుడు పౌలు పత్రికల్లో పాపం సంగతి లేదనడం అబద్ధం, గట్టిగానే ఉంది, మత్తయి కూడా మొదటి అధ్యాయంలోనే "వారి పాపములనుండి" అనేశాడు. కాకపోతే పౌలు దానికి మూడు కాలాలూ వాడతాడు. ఎఫెసీలో రక్షింపబడియున్నారు, కొరింథీలో రక్షింపబడుచున్న మనకు, రోమా 13లో రక్షణ మనకు మరి సమీపముగా ఉంది, అంటే ఇంకా రావాలి. మరి ఏ సంవత్సరం అంటే ఏ కాలం చెప్పాలి? డేట్ చెప్పగలిగిన వాళ్ళు లేకపోలేదు, మెథడిస్టు సంఘాలకి మూలపురుషుడైన జాన్ వెస్లీ 1738 మే 24 అని టైంతో సహా రాసుకున్నాడు, అలాంటి అనుభవం నిజం కాదని నేననను. అది అందరి దగ్గరా అడిగే రసీదు అయిపోవడమే నాకు నచ్చంది.

బ్రదర్ గారికి న్యాయం చేయాలంటే ఒకటి చెప్పాలి. కాపుదలకి హీబ్రూలో వేరే మాట ఉంది, షామర్, 121వ కీర్తన నిండా అదే. కాబట్టి తేడా ఉందన్న వరకు ఆయన కరెక్టే. బోటెక్కడం రక్షణ కాదు అన్నదే తప్పు.

ఇదంతా నిన్న రాత్రి అమ్మకి చెప్పా. సగం విని ఆవలించింది. చివర్లో అపొస్తలుల కార్యాలు 27 చదివా, పౌలు ఎక్కిన ఓడ బద్దలవడం, అంతకుముందు ఆయన అందర్నీ బతిమాలి అన్నం తినిపించడం, తింటేనే మీకు ప్రాణరక్షణ అనడం. అక్కడ కూడా గ్రీకులో రక్షణ అన్న మాటే, సోటేరియా అమ్మా, అన్నం తినడానికి కూడా, అన్నాను. ఈతొచ్చిన వాళ్ళు ఈది, రాని వాళ్ళు పలకలు పట్టుకుని, 276 మందీ ఒడ్డుకి చేరారని చదివేసరికి లేచి కూర్చుంది.

"అంతమందికీ ఒక్క పడవేనా? మనకి పన్నెండు మందికే ఊగిపోయింది కదరా."