లాకర్లో ఉండిపోయిన కవరు

ఆదివారం పొద్దున్న ఏడింటికి ఓడ మయామీ రేవులో ఆగి ఉంది. నేను బాల్కనీలో కాఫీ తాగుతూ కిందికి చూస్తున్నాను. గట్టు మీద ఒక బస్సు నిలబడి ఉంది. జీన్సులూ టీ షర్టులూ వేసుకున్న కుర్రాళ్ళు ఇరవై మంది దాకా పెద్ద పెద్ద పెట్టెలు ఈడ్చుకుంటూ దాని వైపు నడుస్తున్నారు.

"ఏమండీ, వీళ్ళు ఓడలో పనిచేసేవాళ్ళనుకుంటా. కాంట్రాక్టు అయిపోయి ఇంటికెళ్తున్నట్టున్నారు" అన్నాను.

మా వారు లోపల కూర్చుని తన లెక్కల పుస్తకంలో ఏదో రాసుకుంటున్నారు. "వెళ్ళనీ పాపం, ఎన్నాళ్ళయిందో ఇల్లు చూసి" అన్నారు తలెత్తకుండానే. కాఫీ పూర్తిచేసి నేనూ లోపలికొచ్చేశాను.

మేం వరసగా రెండు క్రూజులు, అంటే ఓడలో విహారయాత్రలు, బుక్ చేసుకున్నాం. అదే ఓడ, అదే గది. మొదటి వారం తూర్పు కరీబియన్: సెయింట్ థామస్, సెయింట్ మార్టిన్, నసావు. రెండో వారం పడమటి వైపు: రొయటాన్, కొజుమెల్, గ్రాండ్ కేమన్. క్రూజుల వాళ్ళు దీన్ని బ్యాక్ టు బ్యాక్ అంటారు. మాకది పద్నాలుగు రోజుల ఒకే యాత్ర. ఓడ లెక్కలో మాత్రం రెండు బుకింగులు, రెండు ఖాతాలు, రెండు గది కార్డులు. మొదటి వారం బిల్లు శనివారం రాత్రితో ముగిసిపోతుంది. ఆదివారం నుంచి మీరు కొత్త ప్రయాణికులే.

ఈ సంగతి ముందు తెలిసింది మా వారి లెక్కల పుస్తకానికి. మా ఓడలో సిబ్బందికిచ్చే టిప్పుని ముందే కట్టకపోతే రోజూ మన ఖాతాలోంచి కోసేస్తారు, మనిషికి రోజుకి 18 డాలర్ల 50 సెంట్లు. ఇద్దరికీ కలిపి వారానికి 259 డాలర్లు, రెండు వారాలకి 518. ఇదేమీ మా ఓడకే పరిమితమైన వింత కాదు. పేరున్న పెద్ద ఓడల్లో మామూలు గదులకి ఇది 16 నుంచి 20 డాలర్ల దాకా నడుస్తోంది. సీబోర్న్, సిల్వర్‌సీ, రీజెంట్ లాంటి ఖరీదైన ఓడల్లో అయితే టిక్కెట్టులోనే కలిపేస్తారు. మేం మొదటి బుకింగుకి టిప్పు ముందే కట్టేసి, రెండోదానికి కట్టడం మర్చిపోయాం. అందుకని రెండో వారం సోమవారం టీవీలో ఖాతా తెరిచి చూసేసరికి 37 డాలర్లు కనపడ్డాయి. మంగళవారం ఇంకో 37. "కట్టిందానికే మళ్ళీ కోస్తున్నారు" అని ఆయన గెస్ట్ సర్వీసెస్ కౌంటరు దాకా వెళ్ళి, లైన్లో అరగంట నిలబడి, తప్పు తనదేనని తెలుసుకుని వచ్చారు. ఆ పూట డెక్కు మీద నడకకి కూడా రాలేదు.

పానీయాల సంగతి ఇంకో తమాషా. మా ఓడలో వాటి బిల్లులో 18 శాతం టిప్పు ముందే కలిపి ఉంటుంది. కిందనే "అదనపు టిప్పు" అని ఒక ఖాళీ గీత కూడా ఉంటుంది. మొదటి రెండు రోజులు మా వారు ఆ గీత మీద బుద్ధిగా రెండేసి డాలర్లు రాసి సంతకాలు పెట్టారు. తర్వాత పైన చూసుకుని, "ఇంత చిన్న అక్షరాలతో వేస్తే ఎలా కనపడుతుంది" అన్నారు. అక్షరాలు చిన్నవేం కావు. ఆయన కళ్ళజోడు గదిలో ఉంది.

రోజువారీ కోసే డబ్బు ఒక్కరికి వెళ్ళదు. గదులు శుభ్రం చేసేవాళ్ళు, భోజనాల హాల్లో వడ్డించేవాళ్ళు, మనకి మొహమైనా కనపడని లాండ్రీ వాళ్ళు, వీళ్ళందరికీ పంచుతారు. కౌంటరు దగ్గరికెళ్ళి అడిగితే తగ్గిస్తారు, తీసేస్తారు కూడా. చివరి రోజు ఆ లైన్లో నిలబడేవాళ్ళని కళ్ళారా చూశాను. "మేం ఎవరికివ్వాలో వాళ్ళకి చేత్తో ఇచ్చుకుంటాం" అంటారు. కొన్ని కంపెనీల్లో అలా తీయించేసిన వాళ్ళు చేత్తో ఇచ్చిన డబ్బుని కూడా సిబ్బంది తిరిగి ఉమ్మడి ఖాతాలోనే వెయ్యాలి. ఆ లైన్లో వాళ్ళకి ఇది తెలుసో లేదో. నా మటుకు నాకు ఆ కోత మీద చెయ్యి పెట్టడం ఇష్టం లేదు. మనకి నచ్చినవాళ్ళకి పైన ఎంతిచ్చుకున్నా అది మన ముచ్చట.

మాకు నచ్చినవాడు మా గది చూసే కుర్రాడు. జేబు మీది బ్యాడ్జీలో పేరు, కింద ఇండోనేషియా అని ఉండేది. పేరు ఇక్కడ రాయను. మొదటి రోజే "మేడమ్, గది పొద్దున్న తుడవమంటారా, సాయంత్రమా?" అని అడిగాడు. పొద్దున్నే అన్నాను. మా వారి ఎడమ చెవికి వినపడదని ఎలా పట్టేశాడో, రెండో రోజు నుంచి ఆయన్ని పలకరించాల్సి వస్తే కుడివైపుకి వచ్చి నిలబడేవాడు. మేం చెప్పలేదు. సెయింట్ మార్టిన్‌లో మాహో బీచ్‌కి వెళ్ళి, నెత్తి మీంచి దిగే విమానాలు చూసి, ఒళ్ళంతా ఇసకతో వచ్చాం. బాత్రూం గుమ్మంలో ఒక పాత తువ్వాలు పరిచి ఉంది, కాళ్ళు దులుపుకోవడానికి. మంచం మీద తువ్వాలుతో చేసిన ఏనుగు, దానికి మా వారి కళ్ళజోడు. ఆయన ఆ ఏనుగుని రెండు రోజులు విప్పనివ్వలేదు.

ఓసారి నడవాలో తోపుడుబండి పక్కన నిలబెట్టి అడిగాను, ఎన్ని గదులు చూస్తావని. పద్దెనిమిదన్నాడు. సెలవు ఎప్పుడని అడిగితే నవ్వాడు. కాంట్రాక్టు ఉన్నన్నాళ్ళూ వారపు సెలవంటూ ఉండదు, ఆరు నుంచి తొమ్మిది నెలలు రోజూ పనే. 2013 ఆగస్టు నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ నౌకా కార్మిక ఒప్పందం ప్రకారం ఇరవై నాలుగు గంటల్లో కనీసం పది గంటలు, వారంలో 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలి. అంటే ఇంకోవైపు నుంచి లెక్కేసుకుంటే వారంలో 91 గంటలు మిగులుతాయి. ఈ తీసివేత కూడా మా వారి పుస్తకంలోనే ఉంది.

అతనికి డబ్బు పెట్టి ఇవ్వడానికి కవరు కోసం మాకేం ఇబ్బంది కాలేదు, కౌంటరు దగ్గర అడిగితే ఇచ్చారు. వంద నోటు మార్చి ఇరవైలు, పదులు చేయించుకున్నాం. మూడు ఇరవైలు కుర్రాడి కవర్లో పెట్టి పైన అతని పేరు రాశాను. ఎప్పుడిద్దామన్న దగ్గరే మాటా మాటా వచ్చింది. శనివారం రాత్రి ఇచ్చేద్దామన్నాను.

"మనం దిగేది వచ్చే ఆదివారం కదా. పద్నాలుగు రోజుల పనికి ఒకేసారి ఇంకాస్త కలిపి ఇద్దాం. ఇప్పుడిస్తే మళ్ళీ అప్పుడూ ఇవ్వాలి, వాడికీ ఎబ్బెట్టుగా ఉంటుంది" అన్నారు ఆయన.

సబబుగానే అనిపించింది. కవరు లాకర్లో పెట్టాం.

ఆ రాత్రి పదింటికి ఆ కుర్రాడు మా తలుపు తట్టాడు. నడవా పొడుగునా ఇళ్ళకెళ్ళేవాళ్ళ పెట్టెలు రంగురంగుల ట్యాగులతో తలుపుల బయట పేర్చి ఉన్నాయి. మా గుమ్మం ఒక్కటే ఖాళీ. "ఈ వారం మీ గది చూడటం నాకు చాలా సంతోషం, మేడమ్" అన్నాడు. "సార్‌కి కూడా చెప్పండి."

"అలాగే బాబూ, రేపు కలుద్దాం" అన్నాను.

ఒక్క క్షణం ఆగాడు. నవ్వి, గుడ్ నైట్ చెప్పి వెళ్ళిపోయాడు.

ఆదివారం తొమ్మిదిన్నరకి మాలాంటివాళ్ళని ఒక హాల్లో కూర్చోబెట్టారు. ఓడలోంచి చివరి ప్రయాణికుడు దిగేదాకా కొత్తవాళ్ళని ఎక్కించరు. ఉండిపోయేవాళ్ళు కూడా ఒకసారి దిగి, ఇమ్మిగ్రేషన్ వాళ్ళకి మొహం చూపించి మళ్ళీ ఎక్కాల్సిందే. అందర్నీ వరసగా నడిపించుకెళ్ళి, కొత్త కార్డులిచ్చి, అరగంటలో వెనక్కి తీసుకొచ్చారు. ఖాళీ ఓడ ఎక్కడం ఒక సరదా. వేలమంది తిరిగే చోట వాక్యూమ్ క్లీనర్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఈత కొలను దగ్గర కుర్చీలన్నీ మావే.

మా గది ముందు తోపుడుబండి దగ్గర వేరే అమ్మాయి ఉంది. బ్యాడ్జీ మీద ఫిలిప్పీన్స్. చేతినిండా దుప్పట్లతోనే తనని తాను పరిచయం చేసుకుంది.

"మరి ఆ అబ్బాయి?"

"ఈ పొద్దున్న సైన్ ఆఫ్ అయ్యాడు, మేడమ్. ఎనిమిది నెలలైంది. ఇంటికి."

సైన్ ఆఫ్ అంటే కాంట్రాక్టు పూర్తిచేసి ఓడ దిగిపోవడం. బాల్కనీలోంచి చూసిన ఆ బస్సు అప్పుడు గుర్తొచ్చింది. యూనిఫాం లేకపోతే పోల్చుకోలేకపోయాను. ఇరవై మందిలో ఒకడై ఉంటాడు, నేను కాఫీ తాగుతూ చూశాను.

"రాత్రి వచ్చాడే, ఒక్క మాట చెప్పలేదే" అన్నాను.

ఆ అమ్మాయి దుప్పటి బండి మీద పెట్టి మెల్లిగా అంది. "వెళ్ళిపోతున్నానని చెబితే డబ్బులు అడిగినట్టుంటుంది, మేడమ్. మేం అడగకూడదు."

కౌంటరుకి వెళ్ళాను. దిగిపోయినవాళ్ళకి నగదు చేర్చడం తమ చేతిలో లేదన్నారు. కావాలంటే మెచ్చుకుంటూ రాసివ్వండి, అతని ఫైలుకి చేరుస్తాం, మళ్ళీ కాంట్రాక్టుకి వచ్చినప్పుడు పనికొస్తుంది అన్నారు. చెవి సంగతి, తువ్వాలు సంగతి, అన్నీ రాశాను. కాగితం వెనక్కి తిప్పి కూడా రాశాను. మా వారు పక్కన నిలబడి ఒక్క సలహా ఇవ్వలేదు. ముప్ఫై ఏళ్ళలో అది మొదటిసారి.

తర్వాత వారం ఏ పూటది ఆ పూటే ఇచ్చేశాం. ఆ అమ్మాయికి రెండో రోజే సగం ఇచ్చాను. భోజనాల హాల్లో మా వెయిటర్ని వేరే వరసకి మార్చబోతుంటే అడిగి పాత టేబులే ఉంచుకున్నాం, ఆయనకీ సహాయకుడికీ ఆ ఆదివారం రాత్రే చెరో కవరు. నోట్లే ఇచ్చాం. పక్క టేబుల్ వాళ్ళు తమ దేశపు నాణేలు గుప్పెడు టేబుల్ మీద వదిలి వెళ్తే వెయిటర్ వాటిని ఏం చేసుకోవాలో తెలియక ఒక కప్పులో పోశాడు. పరాయి దేశపు నాణేలు చాలాచోట్ల మార్చరు. గ్రాండ్ కేమన్‌లో ఓడ దూరంగా ఆగితే చిన్న పడవల్లో ఒడ్డుకి చేర్చినవాళ్ళకి ఇవ్వాలా వద్దా అని కాసేపు తర్జనభర్జన పడి ఇవ్వలేదు. ఎవరూ ఇవ్వడం కనపడలేదు.

చివరి శనివారం రాత్రి మా పెట్టెలు కూడా బయటికెళ్ళాయి. లాకరు ఖాళీ చేస్తుంటే ఆ కవరు చేతికొచ్చింది. "ఈ అమ్మాయికే కలిపి ఇచ్చేద్దామా?" అని అడిగాను. ఆ అమ్మాయికివ్వాల్సింది ఆ అమ్మాయికి ఇచ్చేశాం కదా అన్నారు. నిజమే.

ఇంటికొచ్చాక ప్రయాణం ఖర్చంతా ఆయన ఒక పేజీలోకి తెచ్చారు. మా వారు ఏ లెక్కైనా కింద రెండు గీతలు కొట్టి మూసేస్తారు. ఆ పేజీకి మాత్రం ఒక్క గీతే ఉంది. దాని కింద ఆ కుర్రాడి పేరు, పక్కన 60 డాలర్లు, ఆ పక్కన బాకీ అని రాసి ఉంది.