ఐయొవా కాకస్‌లో ఐదుగురు తక్కువైన రాత్రి

అమెరికా పౌరసత్వం వచ్చాక నేను పాల్గొన్న మొదటి ఎన్నికల ఘట్టం 2020 ఫిబ్రవరి 3న ఐయొవా రాష్ట్రంలో డెమొక్రాటిక్ పార్టీ జరిపిన కాకస్, అంటే అధ్యక్ష పదవికి తమ అభ్యర్థిని ఎంచుకోవడానికి పార్టీవారు కూడే సమావేశం. మన దగ్గర వేలికి సిరా పెట్టించుకుని, అట్ట చాటున మీట నొక్కి, ఎవరికి వేశానో ఇంట్లోవాళ్లకు కూడా చెప్పకుండా తిరిగివచ్చిన నాకు, ఇరుగుపొరుగంతా చూస్తుండగా నచ్చిన అభ్యర్థి పేరున్న మూలకు వెళ్లి నిలబడడమే అప్పటి అక్కడి పద్ధతని తెలిసి బెరుకు కలిగింది.

మా ప్రెసింక్ట్ (ఓటర్లను విడదీసిన చిన్న ప్రాంతం) వాళ్లం ఒక బడి భోజనశాలలో సాయంత్రం 7 గంటలకు చేరాము. పార్టీలో నమోదు కానివారు అక్కడికక్కడే నమోదు కావచ్చు. నవంబరు ఎన్నిక నాటికి 18 ఏళ్లు నిండే పిల్లలూ అర్హులే. లెక్కిస్తే 212 మందిమి తేలాము. కౌంటీ (రాష్ట్రంలోని ఒక పాలనా విభాగం) స్థాయి పార్టీ సదస్సుకు మా ప్రెసింక్ట్ పంపవలసిన ప్రతినిధులు ఆరుగురు. ఒక అభ్యర్థి గుంపు లెక్కలోకి రావాలంటే వచ్చినవారిలో 15 శాతం, అంటే 32 మంది అందులో ఉండాలి. మా గుంపులో మేము 27 మందిమి.

ఆ తరువాతి పావుగంటే అసలైన కాకస్. ఆ 15 శాతం హద్దు దాటిన గుంపులోనివారు ఇక కదలకూడదన్నది నియమం. దాటనివారు మాత్రం వేరే గుంపులో చేరవచ్చు, లేదా తమ దగ్గరికే ఇతరులను పిలుచుకోవచ్చు. ఎదురుగా 19 మందితో మరో చిన్న గుంపు ఉంది. మేము వాళ్లను పిలిచాము, వాళ్లు మమ్మల్ని పిలిచారు. విశ్రాంత ఉపాధ్యాయురాలు ఒకావిడ ఆరోగ్య బీమా గురించి నన్ను పట్టుకుని అడిగిన ప్రశ్నలకు, నా యాసలో, తడబడుతూనే జవాబు చెప్పాను. (ఇంటర్వ్యూల్లో కూడా అంత చెమట పట్టలేదు.) చివరికి ఆవిడతో కలిపి ఎనిమిది మంది మా వైపు వచ్చారు, మేము 35 అయ్యాము.

నన్ను ఆశ్చర్యపరిచింది ఆ తరువాతి లెక్క. గుంపు సంఖ్యను ఆరుతో గుణించి 212తో భాగించి, వచ్చినదాన్ని దగ్గరి పూర్ణాంకానికి సరిచేశారు. మాకు 0.99 వచ్చింది కనుక ఒక ప్రతినిధి. 52 మంది ఉన్న గుంపుకు 1.47 వచ్చినా ఒక్కరే. పదిహేడు మంది ఎక్కువ నిలబడీ వాళ్లు మాతో సమానమయ్యారు! ఈ లెక్క తలలను కాక ప్రతినిధులను చూసింది కాబట్టే, రాష్ట్రమంతటా ఎక్కువమంది బెర్నీ సాండర్స్ వైపు నిలిచినా, కౌంటీ, జిల్లా, రాష్ట్ర సదస్సుల మెట్లు దాటి, పార్టీ అభ్యర్థిని ఖరారు చేసే జాతీయ సదస్సుకు వెళ్లే 41 మంది ప్రతినిధుల పంపకంలో పీట్ బుటిజిజ్‌కు 14, సాండర్స్‌కు 12 దక్కాయి.

మా ఒక్క ప్రతినిధిగా ఎవరు వెళతారని అడిగినప్పుడు, రాత్రి చాలా పొద్దుపోయినందున అందరూ కోట్లు తొడుక్కుంటున్నారు. అరగంట క్రితమే మాలో చేరిన ఆ ఉపాధ్యాయురాలే చెయ్యెత్తారు, ఎవరూ అడ్డు చెప్పలేదు.