డ్రైవరు కిటికీలోంచి నా మోడల్ రైల్వే

మోడల్ రైల్వేను ఎంత శ్రద్ధగా కట్టుకున్నా చూసేది మాత్రం ఎప్పుడూ పైనుంచే. లోపలి నుంచి, డ్రైవరు కూర్చున్న చోటి నుంచి చూడాలన్న ఆశతోనే రైలుకు చిన్న వీడియో కెమెరా అమర్చే పనికి పూనుకున్నాను.

ముందు ఎత్తు తేల్చుకోవాలి. అసలు ఇంజన్‌లో డ్రైవరు కన్ను పట్టాలకు సుమారు 3 మీటర్ల ఎత్తున ఉంటుందనుకుంటే, నాది 1:87 నిష్పత్తి గల హెచ్‌ఓ స్కేల్ కాబట్టి, లెన్స్ 34 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి. అంతకు ఒక్క సెంటీమీటరు పెరిగినా మళ్లీ బొమ్మ రైలే కనిపిస్తుంది. ఇంజన్ లోపల మోటారు, ఆదేశాలు అందుకునే డీకోడరు చిప్పు పోగా చోటు మిగలదు. అందుకే కెమెరాను చదునైన వ్యాగన్ మీద బిగించి, ఇంజన్ దాన్ని వెనకనుంచి నెట్టేలా పెట్టాను. నెట్టే వ్యాగన్ తేలికగా ఉంటే లైన్లు విడిపోయే పాయింట్ల దగ్గర పట్టాలు తప్పుతుంది. బరువును ఇరుసుల మీదికి, వీలైనంత కిందికి చేర్చాను.

అసలు చిక్కంతా కరెంటుతోనే. రైళ్లను డిజిటల్ ఆదేశాలతో నడిపే డీసీసీ పద్ధతిలో పట్టాల్లో ఎప్పుడూ విద్యుత్తు ఉంటుంది గానీ, దాని ధ్రువత (ప్లస్, మైనస్) సెకనుకు వేలసార్లు మారుతుంది. కరెంటును ఒకే దిశకు తెచ్చే రెక్టిఫయర్, దాన్ని 5 వోల్టుల దగ్గర నిలిపే రెగ్యులేటర్, కాస్త కరెంటు నిల్వ ఉంచే కెపాసిటర్ పెడితే దాన్ని కెమెరాకు వాడుకోవచ్చు. కానీ చక్రం కింద కాస్త ధూళి పడితే చాలు, కెపాసిటర్ చిన్నదైతే చిత్రం తెగిపోతుంది. నేను 3.7 వోల్టుల లిథియం బ్యాటరీకే ఓటు వేశాను.

చిత్రం పంపడానికి వైఫై కెమెరా సులువే, కాకపోతే ఆలస్యం ఎక్కువ. గంటకు 60 కిలోమీటర్ల వేగం ఈ స్కేల్‌లో సెకనుకు 19 సెంటీమీటర్లు. అర సెకను ఆలస్యమైతే రైలు దాదాపు 10 సెంటీమీటర్లు ముందుకు వెళ్లిపోయి ఉంటుంది. తెర మీద సిగ్నల్ చూసి బండి ఆపాలంటే అది కుదరదు. డ్రోన్లలో వాడే 5.8 గిగాహెర్ట్జ్ అనలాగ్ ట్రాన్స్‌మిటర్‌లో ఆ బెడద చాలా తక్కువ. ఒక గదికి 25 మిల్లీవాట్లు ధారాళంగా సరిపోతాయి. అయితే డ్రోన్‌లో దాన్ని చల్లబరిచే గాలి ఇక్కడ ఉండదు. కాబట్టి వ్యాగన్‌కు పైకప్పు వేయలేదు.

ఈ కెమెరాల లెన్స్ సాధారణంగా దూరానికే సరిచేసి వస్తుంది. దగ్గరికి సరిచేసుకునేలా తిప్పే మర ఉన్న రకమైతే అదృష్టమే. నేను తెర చూస్తూ లెన్స్‌ను వెంట్రుకవాసి చొప్పున బయటికి తిప్పాను. మసక మసకగా ఉన్న స్లీపర్లు విడివడి, వాటి మీద గీతలు తేలి, పట్టా పక్కన కంకర రాళ్లు ఒక్కొక్కటిగా కనిపించాయి. అక్కడే ఒక చుక్క గోళ్ల రంగు వేసి మరను కదలకుండా చేశాను.

రైలు కదిలాక తెర మీద కనిపించినదాన్ని ఎంత చెప్పినా తక్కువే. అరచేతి వెడల్పు లేని వంతెన మీదికి వెళ్తుంటే ఒళ్లు జలదరించింది. సొరంగంలోకి వెళ్లగానే చెక్క గోడలు బయటపడ్డాయి. పైనుంచి చూసేవారికి ఎన్నటికీ కనిపించని ఆ గోడలకు ఇప్పుడు రాతి అచ్చులు అంటించి, లోపలికి పోయే కొద్దీ నలుపు వేస్తున్నాను.

రెండో కెమెరా లేఅవుట్ (నా మోడల్ రైల్వే మొత్తం) అడుగున, రైళ్లు నిలిపే, కంటికి కనిపించని యార్డులో స్థిరంగా ఉంది. ఏ లైను ఖాళీగా ఉందో వంగి చూడనక్కర్లేదు. రైళ్లను రోజూ నడపడానికి మాత్రం దానిదే ఎక్కువ సాయం.