స్టూడియో ఫ్లాష్‌కు కరెంటు ఇచ్చే ముందు

హన్మకొండలో కొత్తగా స్టూడియో తెరిచే యువకులు ఏ కంపెనీ ఫ్లాష్ కొనాలో అడుగుతారు గానీ, అద్దెకు తీసుకుంటున్న గదిలో ఎర్తింగ్ ఉందో లేదో చూసుకున్నవారు నాకు అరుదుగా కనిపిస్తారు. నా దృష్టిలో లైటు ఎంపిక కంటే ముందు తేల్చుకోవలసినది అదే.

400 జౌళ్ల శక్తి గల ఫ్లాష్‌నే తీసుకుందాం. గోడ నుంచి వచ్చే 230 వోల్టుల కరెంటును అది సుమారు 330 వోల్టుల డీసీగా మార్చి, మొత్తం ఏడు వేల మైక్రోఫారాడ్లకు పైబడిన సామర్థ్యంతో విద్యుత్తును నిల్వ చేసే కెపాసిటర్లలో నింపుకుంటుంది. మనం బటన్ నొక్కగానే ఆ శక్తి అంతా సెకనులో అతి చిన్న భాగంలో ట్యూబ్ గుండా బయటకు వస్తుంది. నొక్కకపోతే లోపలే ఉంటుంది. స్విచ్ ఆపినా, ప్లగ్ పీకినా వెంటనే ఖాళీ కాదు. బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తానే ఆపేసే రక్షణ స్విచ్) ఉన్నది కదా అని ధీమాగా ఉండేవారున్నారు. అది గోడవైపు నుంచి జరిగే లీకేజీని పసిగట్టి సరఫరాను తెంచుతుంది తప్ప, కెపాసిటర్లో ముందే చేరిన విద్యుత్తును ఏమీ చేయలేదు. అందుకే ట్యూబ్ మార్చేటప్పుడు లైటును ఆపి, ప్లగ్ తీసి, మాన్యువల్ చెప్పినంత సేపు ఆగి, చల్లారాకనే చేయి పెట్టాలి. కొత్త ట్యూబ్‌ను ఒట్టి వేళ్లతో కాక శుభ్రమైన గుడ్డతో పట్టుకోవాలి. ఫ్లాష్ డబ్బాను విప్పి లోపల చూసే ప్రయత్నం మాత్రం మెకానిక్ కానివారు చేయనే కూడదు.

ఇక ఎర్తింగ్ సంగతి. మూడు పిన్నుల ప్లగ్‌లో పైన ఉండే లావు పిన్ను మిగతా రెండింటి కంటే పొడవుగా ఉండటం ఊరికే కాదు, సాకెట్లో అది ముందుగా తగిలి, చివరగా వదలాలని. పాత ఇళ్లలో ఆ రంధ్రం ఉంటుంది, దాని వెనుక లీకైన కరెంటును నేలలోకి పంపే తీగ ఉండదు. అక్కడ లోహపు ఒళ్లున్న లైటును లోహపు స్టాండ్ మీద నిలబెట్టి, వానాకాలంలో తడి గచ్చు మీద చెప్పులు లేకుండా సర్దుతుంటారు. ఉప్పు, బొగ్గు వేసి తీసిన ఎర్త్ గుంత ఉన్నా, ఎండాకాలంలో నేల ఎండిపోతే దాని పని తగ్గిపోతుంది కనుక, అప్పుడప్పుడు అందులో నీళ్లు పోయించాలి.

ఫ్లాష్ రీచార్జ్ అయ్యే క్షణంలో కరెంటును ఒక్కసారిగా లాగుతుంది, దానికి మోడలింగ్ ల్యాంప్ (వెలుగునీడలు ముందే చూసుకోవడానికి ఫ్లాష్‌లో నిరంతరం వెలిగే బల్బు) 150 వాట్లు అదనం. అలాంటివి మూడింటిని ఒకే మల్టీప్లగ్‌కు తగిలించి, దాని మీదే కూలర్ కూడా నడిపే చోట సాకెట్‌ను ఒకసారి దగ్గరగా చూడండి: ఒక రంధ్రం చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి, పిన్ను నల్లబడి ఉంటుంది. వదులైన ఆ సాకెట్‌ను వెంటనే మార్పించాలి. చుట్ట తీగ ఉన్న ఎక్స్‌టెన్షన్‌ను పూర్తిగా విప్పి వాడాలి, లేకుంటే తీగ చుట్టలోనే వేడెక్కుతుంది. లైటుకు తొడిగిన ప్లాస్టిక్ మూతను తీయకుండా మోడలింగ్ ల్యాంప్ వేస్తే మూత కరిగి ట్యూబ్‌కు అంటుకుంటుంది. మే నెలలో 43, 44 డిగ్రీల ఎండ ఉన్న రోజుల్లో పూర్తి శక్తితో వరసగా కొట్టకపోవడం మంచిది. లైటు తానే ఆగిపోతే అది చల్లబడే దాకా ఆగాలి.

ఫంక్షన్ హాళ్లలో కరెంటు పోయిన వెంటనే ఫ్లాష్‌ల స్విచ్‌లు ఆపి, జనరేటర్ నిలదొక్కుకున్నాకే ఒక్కొక్కటిగా వేయాలి. చిన్న జనరేటర్ మీద వోల్టేజీ ఊగుతుంది. స్క్వేర్ వేవ్ (మెట్లలా మారే కరెంటు) ఇచ్చే ఇంటి ఇన్వర్టర్‌కు స్టూడియో ఫ్లాష్‌ను తగిలించవద్దు. తప్పనిసరైతే గోడ కరెంటులాగే నునుపైన అలను ఇచ్చే ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్‌నే, తగినంత సామర్థ్యంతో తీసుకోవాలి. కొన్ని పాత లైట్లను కెమెరాతో కలిపే సింక్ తీగలో ప్రమాదకరమైన వోల్టేజీ ఉంటుంది కాబట్టి, నేటి డిజిటల్ కెమెరాను దానికి నేరుగా కలపకుండా వైర్‌లెస్ ట్రిగ్గర్ వాడటమే మేలు.

ఆషాఢంలోనూ, మూఢాల్లోనూ పెళ్లిళ్లు లేక లైట్లు నెలల తరబడి పెట్టెల్లోనే ఉండిపోతాయి. అప్పుడు వాటిలో ఉండే ఎలక్ట్రోలైటిక్ రకం కెపాసిటర్ లోపల కరెంటును అడ్డుకునే ఆక్సైడ్ పొర బలహీనపడుతుంది, ఒక్కసారిగా పూర్తి శక్తితో నింపితే కెపాసిటర్ పాడైపోవచ్చు. శ్రావణ ముహూర్తాలకు ముందు లైటును అతి తక్కువ శక్తి మీద ఒక గంట స్విచ్ వేసి ఉంచి, ఆ తర్వాత కొన్ని ఫ్లాష్‌లు కొట్టి, సగానికి పెంచి మరికొన్ని కొట్టి, చివరకు పూర్తి శక్తికి తీసుకురావాలి.