40 మంది తరగతికి ఖోఖో పాఠం

వ్యాయామ విద్య పాఠానికి ప్రణాళిక రాసుకునేటప్పుడు, ఏ ఆట ఆడించాలనే ఆలోచన కంటే ముందు నేను ఒక లెక్క వేసుకుంటాను: పీరియడ్ మధ్యలో ఏ క్షణాన చూసినా తరగతిలో ఎంతమంది పిల్లలు నిజంగా కదులుతూ ఉంటారు? ఏడో తరగతికి ఖోఖో నేర్పే పాఠాన్నే తీసుకుందాం. పుస్తకంలో ఉన్నట్టు ఆడిస్తే తరిమే జట్టులో 9 మంది ఉంటారు, వారిలో 8 మంది కూర్చునే ఉంటారు; తప్పించుకునే జట్టు నుంచి ముగ్గురేసి చొప్పున కోర్టులోకి వస్తారు. అంటే 40 మంది ఉన్న తరగతిలో ఒక్కసారిగా పరుగులో ఉండేది నలుగురే. మిగిలిన 36 మందిలో కొందరు గళ్లలో కూర్చుని, కొందరు వంతు కోసం ఎదురుచూస్తూ, సగానికి పైగా పిల్లలు గట్టున నిలబడి అరుస్తూ కాలం గడుపుతారు. ఆ అరుపుల వల్ల మైదానం సందడిగా కనిపిస్తుంది కాబట్టి పాఠం బాగా జరిగిందనే అనిపిస్తుంది, కానీ ఆ పిల్లల కాళ్లకు పని దొరకలేదు.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున కనీసం 60 నిమిషాల పాటు ఒంటికి చెమట పట్టే స్థాయి కదలిక అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బడి, ట్యూషన్, ఫోను మధ్య రోజు గడిచిపోయే పిల్లలకు అందులో కొంత భాగమైనా దక్కేది ఆటల పీరియడ్‌లోనే. పరీక్షలు దగ్గరపడగానే ఆ పీరియడ్‌ను మరో సబ్జెక్టుకు ఇచ్చేసే అలవాటు చాలా బడుల్లో ఉంది. అది నాకు ఏ మాత్రం సమ్మతం కాదు. అందుకే దక్కిన 45 నిమిషాల్లో ఒక్క నిమిషం కూడా ఎదురుచూపులకు పోకుండా ప్రణాళిక వేసుకోవడం ఉపాధ్యాయుడి బాధ్యత అని నేను నమ్ముతాను.

తరగతిని 10 మంది చొప్పున నాలుగు బృందాలుగా విడదీసి, మైదానంలో నాలుగు చిన్న కోర్టులు గీయిస్తాను. నేర్చుకునే దశలో 27 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు ఉన్న పూర్తి కోర్టు అవసరం లేదు. ఒక్కో కోర్టులో నలుగురు కూర్చుంటారు, ఒకరు తరుముతారు, ముగ్గురు తప్పించుకుంటారు, ఇద్దరు అంపైర్లుగా ఉంటారు. దీనితో ఒకేసారి 16 మంది పరుగులో ఉంటారు, పైగా గళ్లు తక్కువ కాబట్టి కూర్చున్న ప్రతి ఒక్కరికీ కొన్ని సెకన్లలోనే ఖో, అంటే లేచి తరమమనే పిలుపు, అందుతుంది. కోర్టు రెండు చివర్లా ఉండే పోల్స్ (స్తంభాల) కోసం వెదురు బొంగులు పాతడం నాకు ఇష్టం లేదు. కొత్తగా నేర్చుకునే పిల్లలు వాటికి గుద్దుకుంటారు, కాబట్టి ఆ చోట నేల మీద గుర్తు పెడితే చాలు. గీతలకు సున్నం వాడకూడదు. అది కంట్లో పడితే కన్ను కాలిపోయే ప్రమాదం ఉంది, ముగ్గుపిండితో ఆ భయం లేదు.

ఇక అసలు నైపుణ్యం. ఖోఖోలో గెలుపు ఓటములు చాలావరకు కూర్చునే తీరులోనే తేలిపోతాయి, అందువల్ల పాఠంలో ఎక్కువ శ్రద్ధ దీని మీదే పెడతాను. చాలామంది పిల్లలు మడమలు నేలకు ఆనించి, వెనక్కి వాలి, గొంతుక్కూర్చుంటారు. అలా కూర్చున్న పిల్ల ఖో అందగానే ముందు లేచి నిలబడుతుంది, ఆ తర్వాతే పరుగు మొదలుపెడుతుంది. ఈలోపు రన్నర్ రెండు గళ్లు దాటిపోతాడు. మడమలు కొద్దిగా పైకెత్తి, బరువంతా కాలివేళ్ల మీద ఉంచి, అరచేతులను ముందు నేలకు తేలికగా ఆనించి కూర్చుంటే, లేవడమూ మొదటి అడుగు వేయడమూ ఒకే కదలికగా జరిగిపోతాయి. పాదాలు రెండూ పక్కపక్కన పెట్టి కూర్చునే పద్ధతితో మొదలుపెట్టి, అది కుదిరాక, పరుగుపందెంలో బయలుదేరే వారిలా ఒక పాదం వెనక్కి పెట్టే పద్ధతిని చూపిస్తాను.

దీన్ని జంటలుగా సాధన చేయిస్తాను. ఒకరు కూర్చుంటే మరొకరు వెనక నుంచి వచ్చి, అరచేతిని పూర్తిగా తెరిచి వీపును తాకుతూ, గట్టిగా "ఖో" అనాలి. తాకడానికీ నెట్టడానికీ ఉన్న తేడా ఇక్కడే అలవాటు కావాలి, ఎందుకంటే ముందుకు వంగి ఉన్న పిల్లవాడిని నెడితే ముఖం నేలకు తగులుతుంది. తాకిడి, మాట రెండూ అందాకే లేవాలన్న నియమం కూడా ఈ సాధనలోనే ఒంటపడుతుంది.

హాజరుకూ మైదానంలోకి రావడానికీ 5 నిమిషాలు, కదులుతూ చేసే వార్మప్‌కు 7, జంటల సాధనకు 10, ఆటకు 18, చివరి స్ట్రెచింగ్‌కూ మాటలకూ 5 నిమిషాలు కేటాయిస్తాను. ఆటలో ప్రతి వంతు 90 సెకన్లు, బృందంలో స్థానాలు మారడానికి 30 సెకన్లు. అలా తొమ్మిది వంతులు వస్తాయి కాబట్టి ప్రతి ఒక్కరూ అన్ని పాత్రల్లోకీ వెళ్లగలుగుతారు. అంపైర్లుగా ఉన్న ఇద్దరిలో ఒకరు ఛేజర్ మధ్య గీత దాటుతున్నాడా అన్నది మాత్రమే చూడాలి, రెండోవారు ఖో వెనక నుంచే అందిందా అన్నది మాత్రమే చూడాలి. నేను పది నిమిషాలు వివరించినా తలకెక్కని నిబంధన, అవతలివాడి ఫౌల్ పట్టుకునే పని అప్పగిస్తే ఇట్టే వచ్చేస్తుంది.

మగపిల్లలకు కబడ్డీ, ఆడపిల్లలకు ఖోఖో అనే పంపకం మన బడుల్లో ఇంకా కొనసాగుతోంది. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన తొలి ఖోఖో ప్రపంచ కప్‌లో భారత పురుషుల, మహిళల జట్లు రెండూ గెలిచాయని, ఆ పురుషుల జట్టులో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన పోతిరెడ్డి శివారెడ్డి ఉన్నాడని చెప్పినప్పుడు, వెనక వరసలో ముఖం ముడుచుకుని నిలబడిన అబ్బాయిలు కూడా ముందుకు జరుగుతారు. చున్నీని అడ్డంగా వేసుకుని నడుము దగ్గర ముడివేసుకోమని అమ్మాయిలకు ముందే చెప్పాలి. ఒంట్లో బాగాలేని వారు అందరి ముందూ చేయి ఎత్తాల్సిన పరిస్థితి రాకుండా, వరసలో నిలబడకముందే నా దగ్గరికి వచ్చి చెప్పే వీలు కల్పించాలి.

కాలు సరిగా సహకరించని పిల్లవాడి చేతికి ప్రతిసారీ విజిల్, స్కోరు పుస్తకం ఇచ్చి పక్కన కూర్చోబెట్టడం నాకు బాధ కలిగిస్తుంది. అతడు తన గడిలో నిలబడే ఉండి, ఖో అందుకున్నాక పరుగెత్తకుండా పక్క గడిలోని వారికి తానే ఖో చెప్పి పంపవచ్చని ఆ కోర్టు వరకు నియమం మార్చితే సరిపోతుంది. ఈ మార్పుకు మిగతా పిల్లలెవరూ అభ్యంతరం చెప్పరు.

ఎండ సంగతి అందరికీ తెలిసిందే. మధ్యాహ్న భోజనం అయిన వెంటనే ఈ పాఠం పెట్టకూడదు; ఒంటిపూట బడుల రోజుల్లో మొదటి రెండు పీరియడ్లలోనే ముగించాలి, వంతుల మధ్య నీళ్లు తాగనివ్వాలి.

ఎవరు ఎక్కువ మందిని అవుట్ చేశారన్నది నా రిజిస్టరులో రాయను. ఒక్కో పీరియడ్‌కు ఒక బృందాన్ని ఎంచుకుని మూడు విషయాలు గమనిస్తాను: బరువు కాలివేళ్ల మీద ఉందా, ఖో అందాకే లేస్తున్నారా, పట్టిన దిశను మధ్యలో మార్చకుండా వెళ్తున్నారా. ఈ మూడూ సగం మందికి పైగా కుదిరితే తర్వాతి పాఠంలో గళ్లను ఆరుకు పెంచి, రన్నర్లకు కూర్చున్నవారి మధ్య నుంచి అటూ ఇటూ వంపులు తిరుగుతూ సాగే సింగిల్ చైన్ పరుగు మొదలుపెడతాను. కుదరకపోతే గళ్లు నాలుగే ఉంటాయి, జంటల సాధన సమయం మరో ఐదు నిమిషాలు పెరుగుతుంది.