పెద్దక్షరం తెలుగులోకి ఎలా తేవాలి?

విజయనగరం మహారాజు ఆనంద గజపతి ఆదరణతో జర్మన్ సంస్కృత పండితుడు మాక్స్ ముల్లర్ రుగ్వేదం రెండో కూర్పు 1890–92 మధ్య వెలువడింది. అదే ముల్లర్ ఉపనిషత్తులను ఇంగ్లిషు చేసినప్పుడు ఆత్మను ‘సెల్ఫ్’ అన్నాడు, మొదటి అక్షరం పెద్దది (క్యాపిటల్) పెట్టి. సంస్కృతంలో పెద్దక్షరాలే లేవు. కాబట్టి ఆ అక్షరం ఋషిది కాదు, అనువాదకుడిది. ఇంగ్లిషు నుంచి వేదాంతాన్ని తెలుగు చేసేవాళ్లు ముందు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

బృహదారణ్యక ఉపనిషత్తు 2.4.5 చూడండి. భర్త ప్రియమయ్యేది భర్త కోసం కాదు, ‘ఆత్మనస్తు కామాయ’ అంటాడు యాజ్ఞవల్క్య ఋషి. ‘ఆత్మనః’ అంటే ‘తన’ అనీ అవుతుంది, ‘ఆత్మ యొక్క’ అనీ అవుతుంది. ‘తన కోసమే’ అని మాత్రమే రాస్తే స్వార్థంలా వినిపిస్తుంది. ముల్లర్ పెద్దక్షరం రెండో అర్థాన్నే నిలిపింది. తెలుగులో ‘ఆత్మ కోసం’ అని రాసి, మొదటి అర్థాన్ని కింద వివరణలో ఇవ్వడం మేలు.

గీత 6.5లో ఇబ్బంది దీనికి తలకిందులు. ‘ఉద్ధరేదాత్మనాత్మానం’ అన్నదాన్ని కొన్ని ఇంగ్లిషు అనువాదాలు ఒక ఆత్మకు పెద్దక్షరం, ఇంకోదానికి చిన్నక్షరం పెట్టి విడదీశాయి. అది చూసి ‘పరమాత్మ’ అని దించేస్తే శ్లోకం పాడవుతుంది. తన్ను తానే పైకి తెచ్చుకోవాలి అన్నదే నేరైన అర్థం. ఇంగ్లిషు పుస్తకం పక్కన మూలశ్లోకం లేకుండా ఈ పనికి కూర్చోకూడదు.

మనకు వేరే పనిముట్లున్నాయి. ‘బ్రహ్మ సృష్టించాడు’, ‘బ్రహ్మం ఉన్నది’: క్రియ చూస్తేనే ఎవరో, ఏదో తెలిసిపోతుంది. శ్రీకాకుళం జిల్లా శాలిహుండం లాంటి బౌద్ధ క్షేత్రాల గురించి రాసేటప్పుడు ఏకవచనం, బహువచనం ఆదుకుంటాయి. ఇంగ్లిషులో పెద్దక్షరం ధర్మ అంటే బుద్ధుని బోధ, చిన్నక్షరం బహువచనమైతే అనుభవాన్ని కూర్చే అంశాలు. మొదటిసారి ‘బుద్ధుని ధర్మం’ అని పూర్తిగా రాయాలి. లేకపోతే మన పాఠకుడు న్యాయమనో దానమనో అనుకుంటాడు.

బైబిల్లో తెలుగే నయం. ఇంగ్లిషులో అన్నీ పెద్దక్షరాలతో ‘లార్డ్’ ఉన్నచోట మనకు ‘యెహోవా’, మొదటిదొక్కటే పెద్దదైతే ‘ప్రభువు’. చిక్కల్లా యోహాను 3:6లో వస్తుంది: దేవుని ఆత్మ, మనిషిలో పుట్టే ఆత్మ రెండూ ఒకే మాట. పాత గ్రీకు ప్రతుల్లోనూ అక్షరాల తేడా లేదు. వాక్యంలోకి ‘పరిశుద్ధ’ చొప్పించకుండా వివరణలో చెప్పాలి.

పెద్దక్షరానికి బదులు కొటేషన్ గుర్తులు మాత్రం పెట్టకండి. ‘సత్యం’ అని కొటేషన్లో పెడితే అది సత్యం కాదేమోనని చదువుకుంటారు.