1.92 పాయింట్ల మధ్యాహ్నం

పోయిన నెల ఇక్కడ అమెరికాలో, మా హాస్పిటల్ డిపార్ట్‌మెంట్ మీటింగ్‌లో తెర మీద డాక్టర్లందరి పేర్లూ, ఎదురుగా ఎవరెంత పని చేశారో అంకెలూ వేశారు. నా గడి ఎర్రగా ఉంది. "నలభయ్యో పర్సంటైల్‌లో ఉన్నావు, ఏమైంది?" అని చీఫ్ నవ్వుతూనే అడిగాడు. అంటే వందమందిలో అరవైమంది నాకన్నా పైనున్నారని. ఇక్కడ చీవాట్లు కూడా నవ్వుతూనే పెడతారు. మన విశాఖ కేజీహెచ్‌లో ప్రొఫెసర్ గారు కేకలేస్తే వార్డంతా వినపడేది, మధ్యాహ్నానికి ఆయనే మర్చిపోయేవారు. ఇక్కడ మర్చిపోవడాలుండవు, అది బోనస్‌లో తేలుతుంది.

అమెరికాలో డాక్టర్ పనిని ఆర్‌వీయూల్లో (రిలేటివ్ వాల్యూ యూనిట్లు, అంటే పనికి కట్టే పాయింట్లు) కొలుస్తారు. హార్వర్డ్‌లో విలియం షావో బృందం 1980ల్లో కట్టిన లెక్కను మెడికేర్ (ముఖ్యంగా వృద్ధులకు ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా) 1992 నుంచి అమలు చేసింది. ప్రతి పనికీ ఒక కోడ్, కోడ్‌కో విలువ. పాత పేషెంట్‌ని మామూలుగా చూస్తే 1.3, కాస్త చిక్కు కేసైతే 1.92. ఏడాది మొత్తం కూడి, మన వారంలో పేషెంట్లకు కేటాయించిన భాగంతో సరిచూసి, దేశంలోని మిగతా టీచింగ్ హాస్పిటళ్ళ డాక్టర్ల పక్కన నిలబెడతారు. కోసే చేతికే కాదు, ఆలోచించే బుర్రకూ సరైన విలువ కట్టాలన్నది మొదట్లో ఆ లెక్క ఉద్దేశాల్లో ఒకటి. అది తెలిశాక నాకు ఇంకా ఒళ్ళు మండింది.

ఎందుకంటే ఆ నెలలోనే మా క్లినిక్‌కి ఇథియోపియా నుంచి వచ్చిన ఒకావిడ ఆయాసంతో వచ్చింది. ఇంటర్న్ గుండె విని "నార్మల్" అన్నాడు. ఆవిడని ఎడమవైపు తిరిగి పడుకోమని, స్టెత్ బెల్ తేలిగ్గా ఆనించి, ఊపిరి వదిలేసి ఆపమన్నాను. అప్పుడు వినపడింది ఆ చప్పుడు. మైట్రల్ స్టెనోసిస్, గుండెలో ఒక కవాటం ఇరుకైపోయే జబ్బు. మనకి ఓపీలో తరచూ తగిలేదే కదా, వీళ్ళు పుస్తకంలో చదవడమే. వాడి మొహం వెలిగిపోయింది. ఆవిడని అడిగి, ఇంకో ముగ్గుర్ని పిలుచుకొచ్చాడు. ఒక్కొక్కరికీ వినపడేదాకా నిలబడ్డాను. క్లినిక్ ముప్పావుగంట లేటయింది, బయట పేషెంట్లు విసుక్కున్నారు. చివరికి నా ఖాతాలో పడింది 1.92. ఎవరికీ నేర్పకుండా నేనొక్కణ్ణే ఆవిడని చూసి పది నిమిషాల్లో పంపేసినా అంతే పడేది. టైమ్‌ని బట్టి బిల్లు వేద్దామన్నా, పాఠం చెప్పిన టైమ్ అందులో కలపకూడదు.

మన దగ్గర అంతా బావుందనడం లేదు. ఓపీలో రోగికి రెండు నిమిషాలు దక్కితే గొప్ప. ఇక్కడ అరగంట కూర్చోబెట్టి మాట్లాడతాం, అది నాకు నిజంగా ఇష్టం. ఎవరు పని చేస్తున్నారో, ఎవరు సంతకం పెట్టి వెళ్ళిపోతున్నారో కూడా ఈ లెక్కల్లో దాగదు. అదీ మంచిదే. కానీ మంచం పక్కన నిలబెట్టి నేర్పిన మా సార్లని ఈ తెర మీదకి ఎక్కిస్తే సగంమంది ఎర్రగడుల్లోనే ఉంటారు.

ఇదంతా చీఫ్‌కి మెయిల్ రాశాను. సానుభూతిగానే జవాబిచ్చాడు. టీచింగ్‌కి వేరే పాయింట్లు మొదలుపెడుతున్నామని ఫారం పంపాడు. అందులో లెక్చర్ ఉంది, జర్నల్ క్లబ్ ఉంది, సిమ్యులేషన్ ఉంది. మంచం పక్కన నేర్పే బెడ్‌సైడ్ టీచింగ్ లేదు. "ఇతరాలు" కింద రాసి పంపితే, హాజరు పట్టీ ఏదని ఆఫీసు నుంచి తిరిగొచ్చింది. వచ్చే వారం నుంచి ఆ ఇంటర్న్‌లతో సంతకాలు పెట్టించబోతున్నాను.